ఎండబెట్టిన సెల్లులు

గ్యాస్ గీజర్‌ను పైసా ఖర్చు లేకుండా బాగుచేసే ఉపాయం నేను పదేళ్లకే కనిపెట్టాను. కొట్టువాళ్ల పిల్లనన్నాక ఆమాత్రం తెలివి ఉండాలి. ఇవాళ పక్కింటి మేడమీద నుంచి గుమ్మడి వడియాల ఇంగువ వాసన తగలగానే ఆ ఘనకార్యం గుర్తొచ్చింది.

అప్పట్లో మేమున్న బర్మామైన్స్ పేటలో మా ఇంటి గీజర్ టిక్కుటిక్కుమంటోందే గాని వెలగడం లేదు. మంట అంటించే సెల్లులు అయిపోయాయని, కొత్తవి తెచ్చి వెయ్యమని నాన్న నలభై రూపాయలిచ్చాడు. నేను పాత సెల్లులనే నానమ్మ పెట్టిన వడియాల మధ్య ఎండబెట్టి, బాగా వేడెక్కాక మళ్లీ బిగించి, డబ్బులతో గుప్‌చుప్, అదే పానీపూరీ, తినేశాను. సెల్లు ఎంత వేడిగా ఉంటే నీళ్లు అంత కాగుతాయని నా లెక్క.

మర్నాడు చలికి స్నానం చెయ్యలేక, స్నానం కానిదే కాఫీ ముట్టక, నానమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. నాన్న మిస్త్రీని పిలిచాడు. అతను రెండొందలంటే నేనే నూటయాభైకి దింపాను.

మిస్త్రీ సెల్లులు తీసి వాసన చూశాడు. "గీజర్‌కేటీ అవలేదమ్మా. సెల్లులకి ఇంగువెందుకు ఎట్టేరు?"

నానమ్మ నావైపు తిరిగింది. "ఏటే, నూనెలో కూడా ఏపీకపోయావా?" వేడినీళ్లు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

బేరంలో తగ్గించిన యాభైని లాభంలో వేసుకోవడం ఈమధ్యే మానేశాను. మిస్త్రీకి నూటయాభై, కొత్త సెల్లులకు నలభై, గుప్‌చుప్‌కు నలభై. నలభైతో తీరే పనికి మొత్తం రెండొందల ముప్పై.