నాయనమ్మ కూర్చున్న బండ

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో మనుషుల కంటే బండలే ఎక్కువ. ఇప్పుడు మా బాల్కనీలో నిలబడితే కార్లూ ఆటోలూ స్టూడియో వ్యాన్లూ తప్ప ఇంకేమీ కనపడవు గానీ, అప్పట్లో పెరటి గోడ దాటితే చాలు, సీతాఫలం పొదలూ, ఏనుగులంతేసి బండలూ, వాటి మధ్యలోంచి స్టూడియోకి పోయే ఎర్రమట్టి బాటా. ఈ జూబ్లీహిల్స్ అంటే గొప్పవాళ్ళ పేటని ఇప్పుడు అందరూ అంటుంటే నాకు నవ్వొస్తుంది. మేం అద్దెకు దిగినప్పుడు ఇంటికి పాలవాడు రావడానికే భయపడేవాడు, దారిలో పాములని.

మా నాన్న సినిమాల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్. షూటింగ్ జరుగుతుంటే పక్కన నిలబడి ఆయన తీసిన ఫోటోలే పోస్టర్ల మీదికీ పత్రికల్లోకీ ఎక్కేవి. అంతమంది మొహాలు తీసిన ఆ మనిషి దగ్గర సొంత తల్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు! చెప్తే ఎవరూ నమ్మరు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ నమ్మకం. కెమెరా బయటికి రాగానే కొంగు అడ్డం పెట్టుకునేది. "సర్లే అమ్మా, ఇంకోసారి తీస్తాలే" అని నాన్న ఊరుకునేవారు. సినిమావాళ్ళకి అదొక జబ్బు. ఎవరెవరి మొహం మీదో లైటు సరిగ్గా పడిందా లేదా అని రోజంతా చూస్తారు, ఇంట్లోవాళ్ళని రేపు చూద్దాంలే అనుకుంటారు.

ఆ రేపు రాకుండానే నాయనమ్మ ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయింది. నేనప్పుడు నాలుగో తరగతి. పెద్దకర్మ నాడు దండ వెయ్యడానికి ఫోటో ఏదని చుట్టాలు అడిగితే నాన్న బీరువాలన్నీ గుమ్మరించి నెగిటివ్‌లు ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూశారు. అన్నీ హీరోలే, హీరోయిన్లే. చివరికి ఒక దీపం పెట్టి దాని ముందే కానిచ్చారు. నాన్న ఆ రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. మాట్లాడడమే మానేశారు. రావడం, పెట్టింది తినడం, గోడవైపు తిరిగి పడుకోవడం. "ఆయన ఒక్కసారి బావురుమంటే బాగుండును" అని అమ్మ వంటింట్లో తనలో తనే అనుకునేది.

నాకేమో వేరే భయం పట్టుకుంది. నాయనమ్మ మొహం మర్చిపోతున్నానని. కళ్ళు మూసుకుంటే ముక్కుపుడక కనపడేది గానీ ముక్కు కనపడేది కాదు. ఎవరితో చెప్పుకోను?

మా పక్కింటి బాబాయి స్టూడియోలో సీనరీ తెరలు వేసేవారు. సినిమాలో ఇంటి కిటికీలోంచి కొండలూ మబ్బులూ కనపడతాయే, అవన్నీ అట్లాంటి తెరలే, ఆయన చేతివే. గోదావరి వైపు మనిషి, మాట మెత్తన. సెలవు దొరికితే చాలు, స్టాండూ గొడుగూ రంగుల పెట్టే భుజాన వేసుకుని బండల్లోకి వెళ్ళిపోయేవారు. "వారమంతా అబద్ధం కొండలు వేస్తున్నానమ్మా, సెలవు రోజైనా నిజం కొండల్ని చూడొద్దూ" అనేవారు. ఒక సాయంత్రం ఆయన దగ్గరికెళ్ళి, మా నాయనమ్మ బొమ్మ వేసి తీరాలని పట్టుబట్టాను.

ఆయన వెంటనే తల అడ్డంగా ఊపారు. మొహాలు తన చేతికి రావట. నాయనమ్మ అనుకుని ఇంకెవరినో వేసేస్తే నాకు మిగిలిన ఆ కాస్త జ్ఞాపకమూ చెదిరిపోతుందట. నాకు మొదట్నించీ ముక్కు మీద కోపం. "మరి మీకేం వచ్చు?" అన్నాను. ఆయన నవ్వేసి, "చోటు వెయ్యడం వచ్చు. మీ నాయనమ్మ ఎక్కువగా ఎక్కడ కూర్చునేదో చూపిస్తావా?" అన్నారు.

చూపించాను. మా పెరటి గోడ వెనకాల బండ. పొద్దు వాలే వేళ నాయనమ్మ రోజూ దాని మీద కూర్చునేది, ఒక మోకాలు పైకి మడిచి, దాని మీద మోచేయి ఆనించి, చెంపకి చెయ్యి పెట్టుకుని, స్టూడియో బాట వైపు చూస్తూ. నాన్న జీపు దుమ్ము లేవగానే చటుక్కున దిగి లోపలికొచ్చి, ఏమీ ఎరగనట్టు దేవుడి ముందు కూర్చునేది. తల్లి కాచుకుని కూర్చుంటుందని తెలిస్తే పిల్లాడికి పనిలో మనసు నిలవదట! పిల్లాడంటే మా నాన్న. అప్పటికే ఆయనకి సగం జుట్టు నెరిసింది. నాయనమ్మ అలా కాచుకుని కూర్చునే సంగతి నాకొక్కదానికే తెలుసు, ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది కూడా.

బాబాయి మర్నాటి నించే పని మొదలుపెట్టారు. తొందరగా వెయ్యాలి, ఎందుకంటే ఆ స్థలం ఎవరో కొనుక్కున్నారు, ఇల్లు కట్టడానికి బండలన్నీ కొట్టిస్తున్నారు. పక్క బండ అప్పటికే కంకర అయిపోయింది. ఆయనకేమో తొందర అనే మాటే తెలీదు. నాయనమ్మ కూర్చునే వేళకి ఎండ ఎలా పడుతుందో ఆ ఎండే కావాలి. కాస్త మారిందా, బ్రష్షు కడిగేసి స్టాండు మడిచేసేవారు. మబ్బు పట్టిన రోజున అసలు రంగే తియ్యలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

బోరబండ నించి రాళ్ళు కొట్టడానికి వచ్చే ఒకామె తట్ట దించుకుని మా దగ్గరే నిలబడి నవ్వేది. "ఏంది సారూ, బండ బొమ్మ గీయనీకె ఇన్ని దినాలా? మావోడైతే పొద్దుగూకే లోపట బండనే పలగ్గొడ్తడు" అంది ఒకరోజు. ఎందుకు వేస్తున్నారో నేను చెప్పేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. "అయ్యో, గా ముసలమ్మ కోసమా? ఎండల పని జేస్తుంటె నాకు మజ్జిగ పోస్తుండె గదా బిడ్డా. నువ్వు జర ఫికర్ జెయ్యకు. గీ బండ ఆఖర్ల కొట్టుమని మావోనికి నేన్ జెప్త." అన్న మాట నిలబెట్టుకుంది మహాతల్లి. చుట్టూ ఉన్నవన్నీ పోయినా మా బండ జోలికి ఎవరూ రాలేదు.

వేస్తున్నంతసేపూ బాబాయి నన్ను మాట్లాడిస్తూనే ఉండేవారు. నాయనమ్మ ఏ చీర ఎక్కువ కట్టేది, ఏం పాడుకునేది, నన్ను ఏమని తిట్టేది. నేను గడగడా చెప్పేదాన్ని. బండ వచ్చింది, పొదలొచ్చాయి, ఎర్రటి బాటొచ్చింది, దూరంగా గోల్కొండ కూడా వచ్చింది. నాయనమ్మ మాత్రం రాలేదు. ఆఖర్న వేస్తారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మా కాలనీవాళ్ళు ఏడాదికోసారి క్లబ్బు హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టేవారు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు, సరదాకి వేసుకునే ఇల్లాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు, అందరివీ ఉండేవి. కొత్త పరికిణీ కట్టుకుని పరిగెత్తాను. అందరి బొమ్మలూ కళ్ళకి ఎదురుగా వేలాడుతుంటే మా బండ బొమ్మ ఒక్కటే నేలకి ఆనించి ఉంది, దాని ముందు పొట్టి ముక్కాలి పీట. బండ మీద ఎవరూ లేరు! కిందంతా ఉత్త రాతి రంగు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ "కింద ఇంకా పూర్తి చెయ్యలేదాండీ?" అని అడిగింది. "కింది భాగం మా వంతు కాదండీ, మనుషులది. మేం నింపేస్తే వాళ్ళకి చోటేదీ?" అన్నారు బాబాయి. తెర ముందు నటులు నిలబడే చోటు ఖాళీగా వదిలీ వదిలీ ఆయనకి అదే అలవాటైపోయింది. నాకా మాటలేవీ ఎక్కలేదు. ఇన్నాళ్ళూ చెప్పిందంతా బూడిదలో పోసినట్టయిందని ఏడుపు తన్నుకొచ్చింది.

అంతలో నాన్న కెమెరా పట్టుకుని వచ్చారు. బొమ్మలకి ఫోటోలు తీసి పెట్టమని బాబాయి ముందే అడిగారట. మొక్కుబడిగా ఒక్కొక్కటీ తీసుకుంటూ మా దగ్గరికి వచ్చారు. "కాసేపు ఆ పీట మీద కూర్చోమ్మా, బొమ్మ ఎంత పెద్దదో ఫోటోలో తెలియాలి" అన్నారు బాబాయి నాతో. కాదనలేక వెళ్ళి కూర్చున్నాను. బుంగమూతి పెట్టుకుని, కెమెరా వైపు చచ్చినా చూడకూడదనుకుని బొమ్మలోని బాట వైపు తిరిగి, మోకాలు మడిచి, చెంపకి చెయ్యి పెట్టుకున్నాను. కావాలని కాదు, నాకు కోపమొస్తే కూర్చోవడమే అంత.

క్లిక్కుమనలేదు. ఎంతకీ అనలేదు. ఓరకంట చూస్తే నాన్న కెమెరా దించేసి నిలబడి ఉన్నారు.

"ఈ చోటు ఎక్కడిది?" అన్నారు.

ఒట్టు సంగతి ఆ క్షణాన నాకు గుర్తే లేదు. "మన గోడ వెనకాలే నాన్నా. నాయనమ్మ రోజూ ఇక్కడే కూర్చునేది, నువ్వొస్తున్నావేమోనని" అన్నాను.

"నాకు తెలీదే... నాకు తెలీదే అమ్మా" అంటూ నాన్న అక్కడే నేల మీద కూలబడి భోరుమన్నారు. అమ్మ కంగారుగా పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అచ్చం అత్తయ్యేనండీ" అంది. బాబాయి గబగబా గుమ్మం దగ్గరికెళ్ళి, లోపలికి రాబోతున్న వాళ్ళని ఒక్క నిమిషం ఆగమని బతిమాలి ఆపేశారు. నాన్న ఏడుపు ఆగేదాకా ఆయన లోపలికి తిరిగి కూడా చూడలేదు.

తర్వాత నాన్న కళ్ళు తుడుచుకుని ఫోటో తీశారు. ఇంటికి వచ్చే దారంతా తల్లి కబుర్లే చెప్పారు, నెలల తరబడి మూసుకున్న నోరు మళ్ళీ మూతపడితే ఒట్టు. ఆ వారంలోనే బండ కొట్టేశారు. బొమ్మ మాత్రం బాబాయి మా ఇంటికే ఇచ్చేశారు. సంవత్సరీకం నాడు నాన్న దానికే దండ వేస్తే, "ఇదేం చోద్యం, బండకి దండేమిటి?" అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు.

నాన్నా లేరు, బాబాయీ లేరు. చిన్నపిల్ల మొండిపట్టుని పక్కకి నెట్టెయ్యకుండా అన్నాళ్ళు ఎండలో నిలబడిన ఆ బాబాయికి నేనెంత రుణపడి ఉన్నానో చెప్పలేను. మా నాన్నని మాకు తిరిగి ఇచ్చింది ఆయనే. నాయనమ్మ మొహం నాకిప్పటికీ సరిగ్గా గుర్తు రాదు. ఇప్పుడా బెంగ లేదు. మనవరాలి స్కూలు బస్సు ఆలస్యమైతే సాయంత్రం పూట బాల్కనీలో కూర్చుంటాను. "మోకాళ్ళ నొప్పులంటావు, మళ్ళీ ఆ మోకాలే మడుస్తావు, కాలు చాపుకో అమ్మా" అని మా అమ్మాయి విసుక్కుంటుంది. చాపుకుంటాలేవే, ఆవిణ్ణి ఇంకాసేపు కూర్చోనీ, అంటాను.