జేబులో ప్లగ్గు

ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో మాదాపూర్‌లో నెలంటే ముప్పై రోజులని కాదు, ఇన్ని పనిదినాలు, ఇన్ని బంద్‌లు అని లెక్క. నేనప్పుడు ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో తాత్కాలిక బోధకుణ్ణి. చెడిపోయిన బళ్లు విప్పి ఇగ్నిషన్ పని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కనుక కొలతలనే నమ్ముకున్నాను. (ఇప్పటికీ మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కలేను.) ఉద్యోగం ఖాయం కావాలంటే తనిఖీ అధికారి నా పాఠం ఒకటి చూసి సంతకం పెట్టాలి. ఆయన వస్తానన్న రోజే బంద్ వచ్చి పడింది.

రాడనుకున్నాను. నడిచే వచ్చేశాడు. ఇరవై నలుగురిలో పదకొండు మందే హాజరు. మిగతావాళ్ల నినాదాలు రోడ్డు మీంచి వినిపిస్తున్నాయి. ప్లగ్గు మొనల మధ్య ఖాళీ సున్నా పాయింట్ ఆరు మిల్లీమీటర్లు ఉండాలని, నిప్పురవ్వ పుట్టేది అక్కడేనని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పి, పాఠాల కోసం ఉంచిన పాత స్కూటర్‌ని స్టార్ట్ చేసి చూపిస్తానన్నాను. పదిహేడుసార్లు కిక్కు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. అధికారి కలానికి మూత పెట్టి, "ఏమైందండీ?" అన్నాడు.

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో నడుపుతూ సర్టిఫికెట్ కోసం చేరిన ఒక విద్యార్థి నాకన్నా పదేళ్లు పెద్ద. అందరం కాకా అనేవాళ్లం. ఆయన లేచొచ్చి ఒకసారి కిక్కు తొక్కి, నా చొక్కా జేబు మీది నల్ల మరక వంక చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. బంద్ రోజు బండిని ఎవరైనా తీసుకుపోతారేమోనని ప్లగ్గు విప్పి జేబులో వేసుకోవడం మాలో కొందరికి అలవాటు. పొద్దున నేనూ అదే పని చేసి, స్కూటర్ పక్క మూత బిగించి, ఆ సంగతే మరిచిపోయాను.

"సారు మాకు పరీక్ష వెట్టిండు సార్," అన్నాడు కాకా అధికారితో తాపీగా. "లోపలికెల్లి ఒకటి తీసి దాసిండు. ఏం తీసిండో మేమే చెప్పాలె. కిక్కు దూది తొక్కినట్టు పోతుంది. అంటే గాలి యాడ్నో బయటికి పోతుంది. ప్లగ్గే లేదు. సారు జేబుల ఉంది."

జేబులోంచి ప్లగ్గు తీసి చూపించాను. అధికారి ముఖం విప్పారింది. పాఠమంటే ఇలా చెప్పాలండీ అంటూ సంతకం పెట్టేశాడు. ఆయన వెళ్లాక కాకా నా భుజం తట్టి, "ఫికర్ జేయకుండ్రి సార్, ఆటోకు నేను గూడ గట్లనే తీస్త," అన్నాడు.

ఇప్పుడు ఏటా కొత్త విద్యార్థులకు మొదటి పాఠం అదే: ప్లగ్గు దాచి, ఏం తీశానో కనిపెట్టమంటాను. ఎంత మంచి ఆలోచన సార్ అంటారు తోటి బోధకులు. కాదనను. బండిలో లేని ప్లగ్గుకు అంత కచ్చితంగా కొలత చెప్పిన ఆ కుర్ర బోధకుడు గుర్తొచ్చి, నవ్వుకుంటూ ఒకసారి జేబు తడుముకుంటాను.