తవిటమ్మ పొయ్యని ఆముదం

కోటబొమ్మాళి సంతలో చేపలమ్మే తవిటమ్మ నోటి ధాటికి బేరమాడేవాళ్లు బెదిరిపోయేవారు. వాళ్ల పల్లెలో ఎవరింట బిడ్డ పుట్టినా మొదటి ఆముదపు చుక్క ఆవిడ వేలితోనే నాలుకకు తగలాలి. అది ఆవిడకు ఊరిచ్చిన పెద్దరికం. అలాంటి మనిషి, 2015లో సొంత మనవరాలు పుడితే వేలు ముడుచుకుని కూర్చుంది.

కారణం పల్లెకు తెలియదు. కోడలు ఉష కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో హెచ్‌ఐవీ బయటపడింది. కొడుకు ధనరాజుకూ ఉందని తేలింది. తవిటమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తింది. అక్కడి కౌన్సిలరు షాలిని, "మందు మానకుండా వేసుకుంటే బిడ్డకు సోకకుండా కాపాడుకోవచ్చమ్మా" అంది. అంతే, తవిటమ్మ కొంగు బిగించింది. రోజూ ఉష మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేది.

"మింగీసినానత్తా! నోరు కూడా సూత్తావేటి?"

"సూపించు మరి!"

కాన్పు ఆసుపత్రిలోనే జరిగింది. పాపకు కొన్ని వారాలు వేయమని షాలిని సిరప్ ఇచ్చింది. ఆరు నెలలు నిండేదాకా అదీ, తల్లిపాలూ తప్ప ఇంకేదీ నోట పెట్టవద్దంది. పై పదార్థాలు పడితే పసిపేగు దెబ్బతిని జబ్బుకు దారి దొరుకుతుందట.

"ఆవుదం?" తవిటమ్మ నీరసంగా అడిగింది.

"అదీ వద్దమ్మా."

ఇంటికొచ్చిన మర్నాడే పక్కింటి లక్ష్మణమ్మ ఆముదం గిన్నెతో దిగింది. "ఊరందరికీ పోసినావు, నీ గుంటకి పొయ్యవేటి వదినా?"

"నా గుంట, నా ఇట్టం. నీ గిన్ని నువ్వట్టుకెల్లు!"

మనవరాలంటే గిట్టదు కాబోలని పల్లె గుసగుసలాడింది. జబ్బు సంగతి బయటపడితే ఉషను వెలివేస్తారని తవిటమ్మ ఆ నింద మోసింది. పెద్దరికం పోతే పోయింది, పిల్ల దక్కితే చాలనుకుంది.

పాలు మాన్పించాక, పాపకు ఏడాదిన్నర నిండాక ఆఖరి పరీక్ష చేశారు. షాలిని ముఖమంతా నవ్వుతో వచ్చింది. "పాపకు లేదమ్మా."

"మల్లీ సెప్పు."

"లేదు!"

తవిటమ్మ వేసిన కేకకు ఆసుపత్రంతా తిరిగి చూసింది. పాపను ఎత్తుకుని ముద్దులతో ఉక్కిరిబిక్కిరి చేసింది. గోడవారగా నిలబడ్డ ఉష ఏడుస్తోంది.

"దానికి నేదు, నాకున్నాది కదత్తా."

తవిటమ్మ పిల్లను చంకనేసుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. "ఉంతే ఉండనీ. ఈ గుంట పెల్లికి పీట మీద కూకోవాల్సింది నువ్వే. అందాకా ఒక్క పూట మాత్ర మానీవంటే నా సేతిలో సచ్చీవన్నమాటే!"

ఉష ఏడుపు మధ్యలోనే నవ్వేసింది.