పందుల కోసమట, ఈ లైట్లు

మా మనవడు ఈ రోజు పాత జీపు ముందు నాలుగు పెద్ద లైట్లు బిగించాడు. వేంపల్లె దగ్గర మా చెనిక్కాయ చేలో అడవి పందులు పడుతున్నాయట, వాటిని తరమడానికట. ఖర్చు తగ్గాలని బంపరు మీద బోరు పైపు ముక్కను అడ్డంగా కట్టి, డ్రిప్పు పైపుల క్లిప్పులతోనే పని కానిచ్చాడు. తెలివిని మెచ్చుకున్నాను. అయితే మా చేను పక్క కొండ కింద రాత్రిపూట జీపు లైట్లు వేసి కుందేళ్లను కొట్టే స్నేహితులు వాడికున్నారు. దొరికితే జైలే. అందుకని లైట్లకు వేసిన ఆ పాత వైరు ఎక్కడిదని అడిగాను.

"కొత్త వైరు యాలవ్వా, దండగ! హారన్ వైరు పీకి దీనికే ఏసినా."

"పందుల్ని తరిమేటోనికి హారన్ వద్దా నాయనా? చప్పుడు గాకూడదనేది కుందేళ్ల కాడ గదా!"

"అట్లేం లేదవ్వా."

"అయితే ఈ రాత్రికి నేనూ వస్తా. ముందు సీటు నాది."

వాడు తల గోక్కున్నాడు. "ఈ పొద్దు పందులు రావులేవ్వా."

పందులు వీడికి ముందుగా కబురు పంపుతాయని నాకు ఇంతవరకు తెలియదు. జీపు తాళం నా రొంటిన ఉంది. హారన్ మోగిన రోజు ఇస్తాను. మీ ఇంట్లోనూ ఎవరైనా జీపుకు కొత్త లైట్లు పెట్టి ఉంటే, మెచ్చుకునే ముందు ఒకసారి హారన్ నొక్కి, ఏం వినబడిందో ఇక్కడ రాయండి.