సిరిసిల్లకు పొమ్మన్న చాచా

మా పక్కింటి వీడియో చాచా మొన్న శుక్రవారం కోరుట్లలో కన్నుమూశారు. రెండేళ్లుగా కిడ్నీల జబ్బుతో జగిత్యాల దవాఖానకు తిరుగుతున్న మనిషి. కబురు తెలిసి నేను ఊరు చేరేసరికే జనాజా శ్మశానానికి వెళ్లిపోయింది. చాచీ పక్కన కాసేపు కూర్చుని వచ్చాను.

మా వైపు చాలా పెళ్లిళ్లకు ఆయనే వీడియో తీశారు. "నా దిక్కు చూడకుండ్రి, మీ పని మీరు చేసుకోండ్రి" అని అందరికీ చెప్పేవారు. విందులన్నీ తీసి, తాను మాత్రం ఇంటికొచ్చి చల్లారిన అన్నం తినేవారు. డిగ్రీ చదివే రోజుల్లో నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఏడాది, సినిమా తీయడం నేర్పే వర్క్‌షాపులు రెండు నా కంటపడ్డాయి. హైదరాబాదులో నెల రోజులది ఒకటి. పెద్ద కెమెరాలు, సర్టిఫికెట్ అన్నీ ఉన్నాయి. రెండోది సిరిసిల్లలో పది రోజులు. అక్కడి మనుషుల మీదే చిన్న చిన్న చిత్రాలు తీయిస్తారట. నా మనసంతా హైదరాబాదు మీదే ఉంది. అయినా రెండింటి ప్రకటన కాగితాలూ చాచాకు చూపించాను.

"సిరిసిల్లకు పో బిడ్డా" అన్నారు.

"గక్కడ ఏముంటది చాచా? నన్ను గీడనే ఉంచాలని చూస్తున్నవా?"

ఆయనకు కోపం రాలేదు. చేతిలో పని పక్కన పెట్టి చెప్పారు. సిరిసిల్లలో నేతపని చేసే ఒక కుటుంబంలో కూతురి పెళ్లి ఆయన తీశారు. పెళ్లికూతురి తమ్ముడు ఆ రోజంతా వడ్డనలోనే తిరిగాడు. ఏడాది గడవకముందే ఆ పిల్లవాడు తెలంగాణ కోసమని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. తల్లి బస్సెక్కి కోరుట్ల వచ్చింది. తమకిచ్చిన సీడీలో కొడుకు లేడు, కత్తిరించకముందు తీసిన అసలు టేపులో ఉంటాడేమో చూపించమంది. ఆ టేపు మీద చాచా అప్పటికే ఇంకో పెళ్లి తీసేశారు. ఆ రోజుల్లో అందరూ చేసే పనే.

"నన్ను తిడితె బాగుండు. సాయంత్రం దాక గీ స్టూలు మీదనే కూసున్నది" అన్నారు. "కెమెరా నడుపుడు నాకెరుకే బిడ్డా. మనిషిని చూసుడే రాలె. సిరిసిల్లల గది నేర్పుతరేమో."

సిరిసిల్లకే పోయాను. ఆ రోజు బంద్, బస్సుల్లేవు. చాచా తన బండి మీద దించి వచ్చారు. వర్క్‌షాపు చివర్లో ఎవరి చిత్రం వాళ్లు తీయాలన్నప్పుడు, ఆ తల్లి ఇంటికే పోతానన్నాను. ఇల్లు చూపించడానికి చాచా మళ్లీ వచ్చారు.

ఆమె ఆయన్ని గుర్తుపట్టింది.

"పిల్లను రానియ్యి. నువ్వు బయటనే ఉండు."

ఆయన గుమ్మం పక్కన ఎండలో కూర్చున్నారు.

లోపల మరమగ్గం చప్పుడుకు మాట వినపడడం లేదు. ఆమె నా దగ్గరికొచ్చి, "నా కొడుకు సంగతి అడుగకు. నా పని తీసుకుంటె తీసుకో" అంది. తెగిన పోగులు ముడివేసే ఆమె చేతుల్ని వీడియో తీశాను. ఒక్క ప్రశ్నా అడగలేదు. అడగకుండా ఉండడం ఎలాగో ఆ గంటలోనే తెలిసింది. చాచా పొమ్మనకపోతే అది నాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

కెమెరా సంచిలో పెట్టుకుని బయటికి వస్తుంటే, నా వెనకే ఆమె స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"ఎండల కూసున్నవు. తాగు."

చాచా లేచి రెండు చేతులతో అందుకున్నారు. ఆయన ఏదో అనబోయేలోగా ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నీళ్లు తాగడం అయిపోయాక కూడా చాచా ఆ గ్లాసును కింద పెట్టలేక, తలుపు కొట్టలేక, ఎండలో అలాగే నిలబడి ఉన్నారు.