నూనె ఒరగని చోటు

నీళ్లు కనిపించినప్పుడు నాకు భయం వేయలేదు. ఎండిన గులకరాళ్ల మధ్య నుంచి జానెడు వెడల్పున, నురగనీ ఎండుపుల్లల్నీ ముందుకు నెట్టుకుంటూ మట్టిరంగు నీరు మెల్లగా పాకి వచ్చింది. మా పాప దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, "అమ్మా, చూడు, ఏరు పుడతా ఉంది" అంది. నేను క్యారవాన్ తలుపులో నిలబడి నవ్వాను. చేతిలో శనగపిండి కలిపిన గిన్నె, వెనక పొయ్యి మీద మూకుడు. సరిగ్గా అప్పుడు రాళ్ల చప్పుడు వినిపించింది. మలుపు అవతల ఎక్కడో లారీ కంకర దించుతున్నట్టు, ఎంత దించినా అయిపోనట్టు. అటువైపు లారీ వచ్చే దారే లేదు. మా నెత్తిన ఎండ కాస్తోంది. అప్పుడు వేసింది భయం.

మేం అబూదాబిలో ఉంటాం. మా ఆయన ముసఫ్ఫాలో ఒక కంపెనీలో ఇంజనీరు. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు రెండు గదుల ఫ్లాట్‌లో ఇద్దరు పిల్లలతో నెలల తరబడి గోడలు చూస్తూ కూర్చున్నాం. చిన్నవాడు ఆ ఫ్లాట్‌లోనే నడక నేర్చుకున్నాడు. బయటి నేల కొత్తగా తగిలినప్పుడు ఏడ్చాడు. ఆ తర్వాత మా ఆయనకు ఒకటే పిచ్చి పట్టుకుంది: సొంత చక్రాల మీద ఎక్కడికైనా పోవాలి. ముసఫ్ఫాలో గ్యారేజీ నడిపే కడప భాయ్ దగ్గర పాత క్యారవాన్ ఒకటి దొరికింది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లది. రెండు మడత మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, మనిషి అటు తిరిగితే ఇటు తిరగలేని బాత్రూమ్.

అప్పజెప్పేటప్పుడు భాయ్ నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. "అక్కా, బండి ఆపినాక నాలుగు మూలలా ఈ నాలుగు కాళ్లూ తిప్పి దించాల. నేల బల్లపరుపుగా ఉండాల. లేకపోతే పొయ్యి ముట్టియ్యొద్దు. మూకుడు జారిందంటే పిల్లలుండే ఇల్లు ఇది."

చెప్పాల్సిన మనిషికే చెప్పాడు. పిల్లల విషయంలో నాకు భయం లేని వస్తువు లేదు. ద్రాక్షపండ్లు నిలువుగా కోసి పెడతాను. బయటికి పోయే ప్రతిసారీ ఇద్దరి ముంజేతుల మీదా నా ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో రాస్తాను. క్యారవాన్ వచ్చాక నా భయాలన్నిటికీ నూనె మూకుడు పెద్దదిక్కయింది.

అయినా ఆ తర్వాతి మూడు చలికాలాలూ ఎంత బాగున్నాయో. గురువారం రాత్రికే పాప తన బొమ్మలకు సంచీ సర్దేది. ఫుజైరా సముద్రం ఒడ్డున పొద్దున్నే తలుపు తెరిస్తే అలలు మెట్టు దాకా వచ్చినట్టుండేవి. రాసల్‌ఖైమా కొండల మీద చలికి నలుగురం ఒకే దుప్పట్లో దూరి, కిటికీలోంచి ఎవరికి ఎక్కువ చుక్కలు కనపడ్డాయని పోట్లాడుకునేవాళ్లం. మా నెల్లూరిలో వాయుగుండం అంటే కొవ్వొత్తులు కొనిపెట్టుకుని తలుపులు బిగించుకుంటాం. ఇక్కడ వాన అంటే తలుపులు తీసి బయటికి పరిగెత్తడం. ఏడాదికి నాలుగైదు సార్లు పడే వాన కోసం ఈ దేశంలో జనం మబ్బు ఎటుంటే అటు కార్లు తోలుతారు. మేమూ అంతే అయిపోయాం. ఆఫీసులో ఎవరో కొండల మీద మబ్బు ఫోటో పంపితే చాలు, మా ఆయన ఫోన్ చేసేవాడు. "ఏమే, మిరపకాయలు ఉండాయా ఇంట్లో?"

ఆ శనివారం ఉన్నాయి. లావు బజ్జీ మిరపకాయలు, అరకిలో. ఫుజైరా ఒడ్డున రాత్రి గడిపి, పొద్దున కొండల వైపు తిరిగాం. దూరంగా శిఖరాలు కనిపించడం లేదు. వాటి మీద నల్లటి మబ్బు కూర్చుని ఉంది. ఫోన్లు రెండూ ఒకేసారి పెద్దగా మోగాయి. వర్షాలున్నాయి, లోయలకు దూరంగా ఉండండి అని హెచ్చరిక. పిల్లలు ఆ మోతకు కేకలు పెట్టారు, పండగ మొదలైనట్టు.

మొదట రోడ్డు పక్కనే ఆపాం. వాన ఇంకా మా దాకా రాలేదు. వచ్చేసరికి బజ్జీలు వేడివేడిగా ఉండాలని నేను మూకుడు పెట్టి నూనె పోశాను. నూనె ఒక పక్కకు ఒరిగింది. ఇటు వేలు లోతు, అటు మూకుడు అడుగు కనిపిస్తోంది.

"ఈడ కాదు. నేల వాలుగా ఉంది," అన్నాను.

"కాళ్లు దించితే సరిపోతుందిలే."

"సరిపోదు. అదిగో, కింద చూడు, ఎంత చదునుగా ఉందో. చెట్టు కూడా ఉంది."

ఆయన కిందికి చూశాడు. "అది వాదీ కదే. కొండ నీళ్లు వచ్చే దారి."

"వస్తే వాన పడినాక కదా వచ్చేది. ఈడ చినుకు లేదు. కార్ల చక్రాల గుర్తులు కూడా ఉండాయి, చూడు. పడగానే పైకొచ్చేద్దాం."

"ఫోన్‌లో ఇప్పుడే కదా చెప్పింది."

"మూకుడు జారి బిడ్డ మీద పడితే ఫోన్ వస్తుందా కాపాడేదానికి?"

బిడ్డల మాట ఎత్తితే ఆయన కారు తాళం అందుకుంటాడని నాకు తెలుసు. పెన్న ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, ఎండిన ఏరు నాకు కొత్త కాదు. కానీ మా పెన్నకు వరద వస్తుందంటే రెండు రోజుల ముందే టీవీలో చెబుతారు, జనం వంతెన మీద వరసగా నిలబడి ఎదురుచూస్తారు. ఏరంటే అలా చెప్పి వచ్చేదని నా లెక్క. పైగా నేను నా నెత్తిమీది ఆకాశాన్నే చూశాను. కొండల మీది మబ్బు నాకు వేడుక. అది కురిసేది ఈ దారిలోకేనని తోచలేదు.

నూనె మళ్లీ డబ్బాలోకి వంచేసి కిందికి దిగాం. కారు విప్పి పక్కన పెట్టాం. ఆయన పిడి తిప్పుతూ నాలుగు కాళ్లూ దించాడు. పాప లోపల నిలబడి, నేను మళ్లీ నూనె పోసిన మూకుడు చూస్తూ, "ఇంకొంచెం నాన్నా, ఇంకొంచెం, చాలు" అని చెప్పింది. నూనె మూకుడు మధ్యలో గుండ్రంగా నిలిచింది. నా మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పాపను బయట ఆడుకోమన్నాను. కాగే నూనెకు దూరంగా.

రాళ్ల చప్పుడు విన్నాక పొయ్యి దగ్గరికి వెళ్లానో లేదో గుర్తులేదు. పాప రెక్క పట్టుకుని కారులో కూర్చోబెట్టాను. ఆయన అప్పటికే పిడి పట్టుకుని ముందు కాలు పైకి తిప్పుతున్నాడు.

"వదిలెయ్, పోదాం."

"రెండు నిమిషాలు. తగిలించుకుని పోదాం."

జానెడు నీరు అప్పటికి మూరెడైంది. పైన గట్టు మీద ఒక పికప్ ఆగింది. కాళ్ల దాకా తెల్లటి కందూరా వేసుకున్న ముసలాయన, ఇక్కడి అరబ్బు, హారన్ మీద చెయ్యి తీయకుండా కిటికీలోంచి హిందీలో అరుస్తున్నాడు. "గాడీ ఛోడో. బచ్చా లేకే ఊపర్ ఆవో. వాదీ ఆ రహా హై. యల్లా, యల్లా." బండి వదిలేసి, బిడ్డల్ని తీసుకుని తొందరగా పైకి రమ్మని.

బచ్చా అన్న మాట వినగానే గుర్తొచ్చింది. చిన్నవాడు బాత్రూమ్‌లో ఉన్నాడు.

లోపలికి ఎగిరి ఎక్కాను. తలుపు గడియ వేసి ఉంది. గడియ వేసుకోవడం నేర్పింది కూడా నేనే, పోయిన నెలే.

"నానా, బయటికి రా."

"ఇంకా అవలా."

"తర్వాత పోదువు గానీ, తలుపు తియ్."

"మధ్యలో లేవకూడదని నువ్వే కదా చెప్పింది."

తలుపు గుద్దితే బెదిరిపోతాడు, బెదిరితే మూలకు నక్కుతాడు. నాకు తెలుసు వాడి సంగతి. కాళ్ల కింద నేల చిన్నగా అదరడం మొదలైంది. కథ చెప్పే గొంతుతో అన్నాను: "సరే, అట్టాగే కూర్చో. బయట ఏరు వచ్చింది. అక్క చూస్తా ఉంది. నువ్వు వచ్చేసరికి వెళ్లిపోతుందేమో."

గడియ టక్కుమంది. నిక్కరు లేని బిడ్డను చంకనేసుకుని మెట్టు దిగితే నీళ్లు నా పిక్కల దాకా వచ్చాయి. చల్లగా ఉంటాయనుకున్నాను, మంచులా ఉన్నాయి. ఆయన రెండో కాలు దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. కాలు కంకరలో దిగబడి పిడి తిరగడం లేదు. ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"ఏమయ్యా, నాకు కారు తోలడం రాదు," అన్నాను.

నాలుగుసార్లు లైసెన్సు పరీక్ష తప్పినదాన్ని. అది నేను ఆయనకు కొత్తగా చెప్పిన విషయం కాదు. కానీ ఆయన తలెత్తి నన్నూ, కారులో అద్దానికి ముఖం ఆనించిన పాపనూ చూసి, పిడిని అక్కడే వదిలేశాడు.

వచ్చిన దారిన పోబోతే గట్టు మీది ముసలాయన రెండు చేతులూ అడ్డంగా ఊపి, ఇంకోవైపు చూపించాడు. కారు రాళ్ల మీద జారింది, ఒకసారి వెనక్కి కూడా పోయింది. పాప "యల్లా నాన్నా, యల్లా" అంటోంది. ముందు చక్రాలు గట్టి నేల పట్టుకున్నప్పుడు నలుగురం ఒక్కసారే ఊపిరి వదిలాం.

మలుపు దగ్గర గోడలా వచ్చాయి నీళ్లు. గోధుమరంగు గోడ, దాని ముందు దొర్లే రాళ్లు, ఒక చెట్టు మొత్తం. మేం నిలబెట్టిన చోటికి రావడానికి పది లెక్కపెట్టేంత సేపు పట్టింది. క్యారవాన్ మొదట కదల్లేదు. మూడు కాళ్ల మీద మొండిగా నిలబడింది. తర్వాత మెల్లగా లేచి, ఒక చుట్టు తిరిగి, మా కిటికీ కర్టెన్లు మాకు చూపించి, బయల్దేరింది.

చెప్పకూడదు గానీ, నా ఒళ్లంతా పులకరించింది. అంత నీళ్లు. ఈ దేశంలో అంత నీళ్లు. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ముసలాయన దేవుణ్ని తలుస్తూ "సుబ్‌హానల్లా" అంటున్నాడు. నేను ఏడుస్తూ నవ్వుతూ మా ఆయన చొక్కా పట్టుకుని, "పొయ్యి ఆర్పానో లేదో గుర్తు రావడంలా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏట్లో కొట్టుకుపోతా ఉంది కదే. ఆరిపోయి ఉంటుందిలే."

అప్పుడు మా నెత్తిన మొదటి చినుకు పడింది.

దారులు మూసుకుపోవడంతో ముసలాయన మమ్మల్ని దగ్గర్లోని వాళ్లింటికి తీసుకెళ్లాడు. ఆయన కోడలు చిన్నవాడికి తన కొడుకు బట్టలు తొడిగింది, మాకు అన్నం పెట్టింది. చాలా మాటలు అడగలేదు. ఆమె హిందీలో ఒక్కటే అడిగింది, వాదీలో ఎందుకు ఆపారని. మా ఆయన నాకంటే ముందే, "నాకు తెలియక ఆపాను" అనేశాడు. పాప విన్నది. హిందీ దానికి నాకంటే బాగా వచ్చు.

పొద్దున వాన లేదు. దారి తెరిచారు. మా ఆయన కారు తీసి ఎదురుగా పెడితే పాప ఎక్కనంది. అరుగు మీద కూర్చుని చేతులు కట్టుకుంది.

"నాన్న తోలితే నేను రాను. నాన్న అట్టాంటి చోట్ల ఆపుతాడు."

ఆయన స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. నేను ఊరుకుంటే ఆయనా ఊరుకునేవాడు, ఎప్పటికీ. పిల్ల కూడా నాన్నను ఎప్పటికీ నమ్మేది కాదు.

నేను అరుగు మీద దాని పక్కన కూర్చున్నాను. చిన్నవాడు వచ్చి నా ఒళ్లో ఎక్కాడు.

"ఆడ ఆపమంది నేను," అన్నాను. "నాన్న వద్దన్నాడు. అది ఏరని చెప్పాడు, ఫోన్‌లో వచ్చింది కూడా చెప్పాడు. నేనే వినలా."

పాప నా ముఖంలోకి చూసింది. "నీకు అన్నింటికీ భయం కదా. దానికెందుకు వేయలా?"

"నూనెకు భయపడతా ఉండా. భయమంతా దాని మీదే పెట్టినా. ఇంకోటి కనపడలా."

అది కట్టుకున్న చేతులు విప్పింది. "మరి వాన వస్తే ఇంక పోమా?"

"పోదాం," అన్నాను. "ఈసారి గట్టు మీద నిలబడి చూద్దాం. ఎక్కడ ఆపాలో నాన్న చెప్తాడు. నేను కాదంటే, అమ్మా నువ్వు తప్పు అని మీరిద్దరూ గట్టిగా అరవండి. నేను కోప్పడినా సరే, ఆపబాకండి."