వరండాలో చేసిన సర్వీసు

నేను ప్రభుత్వ ఉద్యోగంలో ఎప్పుడు చేరానని ఎవరైనా అడిగితే, ఎవరి లెక్క ప్రకారం చెప్పమంటారని ఎదురడగడం నాకు అలవాటైపోయింది. నా లెక్క ఒకటి, ప్రభుత్వం వారి లెక్క ఇంకొకటి. రెంటికీ మధ్య ఆరేళ్ళ తేడా ఉంది. ఆ ఆరేళ్ళూ నేను పొద్దున్నే తెనాలిలో బండెక్కి, రేపల్లెలో దిగి, కాలవల ఆఫీసులో సాయంత్రం దాకా టైపు కొట్టి, చీకటి పడ్డాక ఇంటికి చేరాను. ప్రభుత్వం వారి లెక్కలో మాత్రం సరదాగా రైల్లో తిరిగినట్టుంది.

నన్ను తీసుకున్నది టెంపరరీ టైపిస్టుగా. మూడు నెలలకొక ఆర్డరు ఇచ్చేవారు. మూడు నెలలు నిండితే మనిషికి హక్కులేమైనా మొలుస్తాయేమోనని వాళ్ళ భయం. అందుకని నిండడానికి ఒకరోజు ముందే ఉద్యోగంలోంచి తీసేసేవారు. మర్నాడొక్కటీ ఖాళీగా ఉంచి, ఆ పైరోజు కొత్త మనిషి దొరికినట్టు మళ్ళీ నన్నే తీసుకునేవారు. ఆ మధ్యలోని రోజుని బ్రేకు అంటారు. దొరికిన ప్రతిసారీ నన్ను చూసి మా ఆఫీసు సారు ఆశ్చర్యపోలేదంటే అది ఆయన మంచితనమే.

చిక్కేమిటంటే బ్రేకు రోజున కాలవలు ఆగవు, ఉత్తరాలూ ఆగవు. రేపల్లె ఆఫీసులో టైపు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తీసేసిన మనిషిని ఆఫీసులో కూర్చోబెడితే ఆడిటు వాళ్ళు ఊరుకోరు, కూర్చోబెట్టకపోతే పని జరగదు. దీనికి మా సారొక ఉపాయం కనిపెట్టారు. బ్రేకు రోజున అటెండరు టైపు మిషనునీ, దాని బల్లనీ వరండాలోకి మోసుకొచ్చి పెట్టేవాడు. గడపకి లోపలున్నది ఆఫీసు, బయటున్నది కాదు. నేను గడప బయట కూర్చుని కొట్టాలి. హాజరు పట్టీలో సంతకం పెట్టకూడదు, ఆ రోజుకి జీతం ఉండదు. కాగితాలు మాత్రం కిటికీలోంచి అందించేవారు.

వరండాలో రైతులు కూర్చునే బెంచీ ఉండేది. అక్కడ మిషను ముందున్న నన్ను చూసి అర్జీలు టైపు చేసిపెట్టే మనిషిననుకునేవాళ్ళు. ఒకాయన, కాగితానికి ఎంత తీసుకుంటావమ్మాయ్ అని మర్యాదగానే అడిగాడు. నేను ఊరికే చేస్తున్నానంటే నమ్మలేదు. వానాకాలంలో జల్లు కొట్టేది. సారు లోపల్నుంచే, మిషను తడవకుండా చూడమ్మా అని జాగ్రత్త చెప్పేవారు. నేను తడిస్తే పరవాలేదు, నేను ప్రభుత్వ ఆస్తిని కాను కదా.

ఎందుకు వెళ్ళేదానివి, బుద్ధి లేదా అని మీరు అడగొచ్చు. మా ఆయన కూడా అడిగేవారు. ఆయనకి తెనాలిలో చిన్న కుట్టుమిషను కొట్టుంది. జీతం లేని రోజున ఇంట్లో ఉండి పిల్లని చూసుకోవచ్చుగా అనేవారు. పిల్ల అప్పటికి ఇంకా నడక కూడా రాని వయసు. కానీ బ్రేకు రోజున వెళ్ళకపోతే ఆ మర్నాటి ఆర్డరు రాదేమోనని నాకు భయం. సారు ఎప్పుడూ బెదిరించలేదు. రేపు వస్తావుగా అని నవ్వుతూ అనేవారు, అంతే. ఆ నవ్వుకి భయపడి ఆరేళ్ళు వెళ్ళాను.

అలాంటి ఒక బ్రేకు రోజునే పొరపాటు జరిగింది. రెండు ఉత్తరాలు కొట్టాలి. ఒకటి, మరమ్మతుల కోసం ఫలానా కాలవ మూసేస్తున్నామని. రెండోది, ఇంకో కాలవకి నీళ్ళు వదులుతున్నామని. బయట గాలికి కాగితాలు ఎగురుతుంటే మోచెయ్యి అదిమిపెట్టి కొడుతున్నాను. ఆ కంగారులో ఒక ఊరి చిరునామా ఇంకో ఊరి ఉత్తరం మీద పడింది. నీళ్ళు రావాల్సిన నగరం అనే ఊరి వైపు రైతులకి కాలవ మూసేస్తున్నామని వెళ్ళింది. నారుమళ్ళ కాలం. వాళ్ళు రెండు ట్రాక్టర్ల మీద ఆఫీసుకొచ్చారు. సారు చేతులు జోడించి, టైపిస్టు చేసిన తప్పండి అన్నారు. వాళ్ళకి నీళ్ళు వదిలారు, నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీ రాసిచ్చాను. ఇక ముందు జాగ్రత్తగా ఉండవలెనని మందలింపు ఆర్డరు ఇచ్చారు. నేను లేని రోజున నేను చేసిన తప్పుకి నన్ను మందలించడం ఎలా కుదిరిందో అప్పుడు నాకు తట్టలేదు. ఉద్యోగం పోనందుకు దణ్ణం పెట్టుకున్నాను.

రెండు వేల నాలుగులో నన్ను రెగ్యులర్ చేశారు. నా పేరున సర్వీసు రిజిస్టరు తెరిచారు. గడిచిన ఆరేళ్ళ గురించి అందులో ఒక్క ముక్క రాయలేదు, టెంపరరీ సర్వీసు కాబట్టి. మందలింపు మాత్రం మొదటి పేజీలోనే శ్రద్ధగా ఎక్కించారు. ఆ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

నేను రెగ్యులర్ అవడానికి రెండేళ్ళ ముందే మా ఆఫీసుకి ఒక కుర్రాడు వచ్చాడు. ఊరు ఈపురుపాలెం, నాన్న మగ్గం నేస్తాడు. పరీక్ష రాసి నేరుగా రెగ్యులర్‌గా చేరాడు. ఫైలు ఎట్టా కట్టాలో, పైవాళ్ళకి ఉత్తరం ఎట్టా మొదలెట్టాలో అన్నీ నా పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అనేవాడు. బ్రేకు రోజున అటెండరుతో పాటు బల్ల రెండో వైపు పట్టుకునేవాడు.

రెండు వేల తొమ్మిదిలో తెనాలి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు సీటు ఖాళీ అయింది. ఆ ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక. ప్రమోషను మీద నాకు పెద్ద మోజు లేదు. నాకు కావాల్సింది ఆ సీటు. అప్పటికి పిల్లకి పదేళ్ళొచ్చాయి. నేను వెళ్ళేసరికి నిద్ర లేచేది కాదు, వచ్చేసరికి తినేసి పుస్తకం మీదే నిద్రపోయేది. దానికి నేను ఆదివారాల మనిషిని. తెనాలి సీటొస్తే వెలుగుండగా ఇంటికి చేరతానని, బడి నుంచి వచ్చే వేళకి నేను గుమ్మంలో ఉంటానని పిల్లకి ముందే చెప్పేశాను. ప్రభుత్వంతో పని పెట్టుకున్నవాళ్ళెవరూ ముందే చెప్పకూడదు. అయినా చెప్పాను.

సీనియారిటీ జాబితా బాపట్లలోని మా పైఆఫీసు నుంచి వచ్చింది. మా ఈపురుపాలెం తమ్ముడి పేరు పైనుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు, వాళ్ళూ నా తర్వాత చేరినవాళ్ళే. వాళ్ళ కింద నేను. నా పేరు పక్కన మందలింపు సంగతి కూడా వేసి, ప్రమోషనుకి పరిశీలించ వీలులేదని గీటు పెట్టారు. నేను అభ్యంతరం రాసి పంపాను. ఈ లోపల ఆఫీసులో ప్రతివాడూ నాకు వకీలైపోయాడు. టెంపరరీ సర్వీసు లెక్కలోకి వస్తుందని ఒకరు, రాదని ఒకరు, వస్తుంది గానీ ఇవ్వరని ఒకరు చెప్పారు. ఆ మూడో ఆయన అనుభవం ఉన్న మనిషి.

విచారణకి రమ్మని బాపట్ల నుంచి నాకూ, అవతలి పక్షమని తమ్ముడికీ కబురొచ్చింది. బాపట్లలో బండి దిగేసరికి అవతలి పక్షం నా కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. నా సంచీ అందుకుని, ముందు టిఫిన్ చేద్దాం పదండక్కా అంది. ఇద్దరం ఇడ్లీ తిని, ఒకే రిక్షాలో ఒకరి మీద ఒకరం ఫిర్యాదు చెప్పుకోవడానికి వెళ్ళాం.

విచారణ చేసే పెద్దసారు నెమ్మదైన మనిషి. గొంతు పెంచని వాళ్ళతోనే నాకెప్పుడూ ముప్పు. ముందు తమ్ముణ్ణి అడిగారు, నీ అభ్యంతరం ఏంటని.

"నాకేం లేదండి. అక్కే సీనియరండి. నాకు పని నేర్పింది ఆవిడేనండి."

"నేర్పడం సర్వీసు కిందికి రాదయ్యా" అన్నారాయన, చిన్న పిల్లాడికి చెప్పినట్టు.

తర్వాత నా వంతు. ఆరేళ్ళు అదే సీటులో, అదే పని చేశానని చెప్పాను. ఆయన కాదనలేదు. చేశావమ్మా, కానీ మధ్యమధ్యలో బ్రేకులున్నాయి, తెగిన సర్వీసు ముక్కల్ని కలపడానికి రూలు ఒప్పుకోదు అన్నారు. బ్రేకు రోజుల్లో కూడా పని చేశానన్నాను. హాజరు పట్టీలో సంతకం ఉందా అని అడిగారు. పెట్టనివ్వలేదన్నాను. అయితే రానట్టేగా అన్నారు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో, రైల్లో, వంట చేస్తూ తయారు చేసుకున్న మాట ఒకటుంది. దాంతో ఆయన నోరు మూతపడిపోతుందని నా ధీమా. బయటికి తీశాను.

"అయితే ఆ మందలింపు ఎవరికిచ్చారండి? అది బ్రేకు రోజున జరిగిన తప్పు. ఆ రోజు నేను సర్వీసులో లేకపోతే తప్పు నాది కాదు. తప్పు నాదైతే నేను సర్వీసులో ఉన్నట్టు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి."

తమ్ముడి మొహం వెలిగిపోయింది. పెద్దసారు ఫైలు వెనక్కి తిప్పారు, ముందుకి తిప్పారు. రిజిస్టరులో తేదీ చూశారు, బ్రేకు ఆర్డరు తేదీ చూశారు. చాలాసేపటికి తలెత్తి నా వంక ఎంతో గౌరవంగా చూశారు. మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమమ్మా, చాలా అన్యాయం జరిగింది అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన గుమాస్తాని పిలిచి అక్కడికక్కడే ఆర్డరు చెప్పి రాయించారు. సదరు తేదీన అర్జీదారు విధుల్లో లేరు గనక ఆమెపై మందలింపు చెల్లదు, రద్దు చేయడమైనది. సదరు తేదీన విధుల్లో లేనట్టు అర్జీదారే స్వయంగా వాదించి ఉన్నారు గనక సర్వీసు తెగినట్టు రుజువైనది, సీనియారిటీ అభ్యంతరం తిరస్కరించడమైనది.

ప్రభుత్వం ముందు రెండు దారులు పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమనడం ఎంత తెలివితక్కువ పనో నాకు అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళుగా వాళ్ళకి దొరకని రుజువుని నేనే రైలు టిక్కెట్టు కొనుక్కుని బాపట్ల వెళ్ళి అప్పజెప్పాను. గుమాస్తా నన్ను అభినందించాడు. రిమార్కు కొట్టేయించుకోవడం మామూలు విషయం కాదమ్మా, ఈ ఆఫీసులో ఎవరికీ కాలేదు అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను.

స్టేషన్లో తమ్ముడు, ప్రమోషను నాకొద్దని రాసిచ్చేస్తానక్కా, అప్పుడు ఆ సీటు మీకే వస్తది అన్నాడు. వాడు నిజంగానే రాసిచ్చేవాడు. వాడి పెళ్ళి కుదిరింది, ఆ ప్రమోషను కోసం పెళ్ళికూతురి వాళ్ళు ఎదురు చూస్తున్నారు, అయినా రాసిచ్చేవాడు. జాబితాలో నీ తర్వాత ఇద్దరున్నార్రా, నువ్వు వద్దంటే సీటు వాళ్ళకి పోతుంది గానీ నా దాకా రాదు అని చెప్పాను. వాడికి ఏడుపొచ్చింది. నేనే ఓదార్చాల్సొచ్చింది. ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళని ఓదార్చే విచారణలు మా శాఖలోనే జరుగుతాయి.

బాపట్ల నుంచి కాబట్టి ఆ రోజు మామూలుకంటే ముందే ఇల్లు చేరాను. పిల్ల మెలకువగానే ఉంది. ఏమైందమ్మా అంటూ నా చేతిలో కాగితం లాక్కుంది. తెలుగు బాగా చదువుతుంది. గుక్క తిప్పుకోకుండా సగం దాకా చదివి ఆగింది.

"నువ్వు ఆ రోజు ఆఫీసులో లేవంట."

అవునంట అన్నాను.

"ఏ రోజు?"

నువ్వు చంటిపిల్లప్పుడు అన్నాను.

కాగితం మళ్ళీ చూసింది. దానికి సీనియారిటీ తెలియదు, బ్రేకు తెలియదు. తెలిసిన లెక్క ఒక్కటే చేసింది.

"ఆఫీసులో లేకపోతే మరి నా దగ్గర ఎందుకు లేవమ్మా?"

మా ఆయన కుడుతున్న గుడ్డ ఆపి నా వంక చూశారు. అలాంటి బ్రేకు రోజులు ఆరేళ్ళ నిండా ఉన్నాయి. వాటిల్లో ఒక్కరోజు కూడా వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్నా నా సీనియారిటీ ఇంతకంటే తగ్గేది కాదు. పిల్ల పాకడం, నిలబడడం, పడడం చూసేదాన్ని. ఎవరికీ లెక్కలోకి రాని రోజుల్ని దానికివ్వకుండా ప్రభుత్వానికి ఇచ్చేశాను. కాగితం మడిచి పక్కన పెట్టి పిల్లని దగ్గరికి తీసుకుని ఏడ్చాను. అది, రేపు మళ్ళీ పొద్దున బండేనా అని అడిగింది. అవునన్నాను. కళ్ళు తుడుచుకుని, అన్నం పెడతా రా అన్నాను. ఎప్పుడో తినేశానంది.